అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేయునా?

అష్టావధానమును మెచ్చుకొనువారు తరచుగా ఒక మాట అందురు: అవధాని ఎనిమిది పనులను ఏకకాలమున చేయునని. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు ఈ విద్యకు పేరుపొందిన ఊరు. గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని, వారి తరువాత సి.వి. సుబ్బన్న శతావధాని అచటివారే. అట్టి సభలు చూచినవారికి ఆశ్చర్యము కలుగుట సహజము. కాని ఆ ప్రశంస శాస్త్రపరీక్షకు నిలువదు.

సభలో జరుగునదేమి? సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన ఇచ్చిన పృచ్ఛకులకు అవధాని వరుసగా ఒక్కొక్క పాదము చెప్పుచు పోవును. నాలుగు ఆవృత్తులకు నాలుగు పద్యములు పూర్తియగును. చివర ధారణలో వానినన్నింటిని తిరిగి అప్పగించును. అనగా ఏ క్షణమునందైనను ఆయన అల్లుచున్నది ఒక్క పాదమే. తక్కినవి జ్ఞాపకమున వేచియుండును.

ఇది మనస్సు యొక్క స్వభావమునకు అనుగుణమైనదే. రెండు సంకేతములు వెంటవెంటనే వచ్చినపుడు రెండవదానికి సమాధానము ఆలస్యమగునని 1952లో వెల్‌ఫర్డ్ వివరించెను. అంతకుముందే 1927లో జెర్సిల్డ్, ఒకే అంకెల పట్టికపై కూడిక, తీసివేతలను మార్చిమార్చి చేయించినచో కాలము ఎక్కువ పట్టునని చూపెను. అయితే ఒక పనికి అంకెలు, మరియొక పనికి మాటలు ఇచ్చినపుడు ఆ నష్టము కనబడలేదు. ఏమి చేయవలెనో ఎదుటనున్న వస్తువే తెలుపుటచే మనస్సు తడబడలేదన్నమాట. అవధానమునందు పృచ్ఛకుడే ఆ గురుతు.

మరి ఏ పనిని ముందు చేపట్టవలెనని మనుష్యుడు ఎట్లు నిర్ణయించుకొనును? పని ఎక్కువైనపుడు మనుష్యులు చేతనున్నదానిని వదలుటకు వెనుకాడుదురనియు, వదలినచో తరువాతి పని ఎన్నికలో ప్రాధాన్యము, ఆసక్తి, సౌలభ్యము, దృష్టిని లాగు గుణము అను నాలుగును పనిచేయుననియు 2015లో విక్కెన్స్, ఆయన సహచరులు ప్రతిపాదించిరి. అవధానికి ఈ ఎన్నిక భారము చాలవరకు లేదు. వరుస ముందే ఏర్పడియున్నది. ఆ వరుసను చెదరగొట్టుటకే అప్రస్తుత ప్రసంగియు, గంట కొట్టువాడును నియమింపబడిరి.

విద్యార్థికి అట్టి వరుస లేదు. గణితము ప్రధానమని ఎరిగియు, మ్రోగిన ఫోనువైపు తిరుగును. మ్రోత దృష్టిని లాగును, లెక్క లాగదు. “అవధాని ఎనిమిది చేయగా నేను రెండు చేయలేనా?” అనుకొనువానిని ఆ తప్పుడు ప్రశంసయే దారి తప్పించుచున్నది. అవధాని గొప్పతనము అన్నిటిని కలిపి చేయుటలో లేదు. పాదము ముగించి విడుచుటలో, విడిచినచోటికే తిరిగి వచ్చుటలో ఉన్నది. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది ఇదియే: పనుల వరుసను ముందే నిర్ణయించుకొనవలెను; మధ్యలో ఆపవలసివచ్చినచో ఒక మెట్టు పూర్తిచేసి ఆపవలెను.