వగరు చెప్పే వయసు

కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, అటు శామీర్‌పేట వైపూ ఒకప్పుడు రాతి కడీలు, ఇనుప తీగలు, వాటి మీద ద్రాక్ష పందిళ్లు. బోర్లు ఎండాయి, కూలీలు దొరకలేదు, భూముల ధరలు చుక్కలనంటాయి. తోటలు పోయి అపార్ట్‌మెంట్లూ ఫంక్షన్ హాళ్లూ వచ్చాయి. ఆ పందిళ్లకు పేరు తెచ్చింది అనాబ్-ఎ-షాహీ. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ దాన్ని హైదరాబాద్‌కు తెచ్చాడని చెబుతారు. ఇంత ద్రాక్ష పండిన నేల మీద, స్పెయిన్ రియోహా లాగా ఏళ్ల తరబడి నిలిచే రెడ్ వైన్ ఎందుకు పుట్టలేదని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

జవాబు పండులోనే ఉంది. అనాబ్-ఎ-షాహీ తెల్ల ద్రాక్ష. పెద్ద పండు, నిండా నీరు. రెడ్ వైన్‌కు రంగూ వగరూ వచ్చేది నల్ల ద్రాక్ష తోలు నుంచి. కొంత వగరు గింజ కూడా ఇస్తుంది. రసానికి సొంతంగా రంగుండదు. రియోహాలో ప్రధానమైన టెంప్రానియో చిన్న పండు, మందం తోలు. అక్కడ ఎర్ర వైన్ ద్రాక్షకు హెక్టారుకు 6,500 కిలోలకు మించి దిగుబడి తీయకూడదని నియమం. మన పందిరి హెక్టారుకు 40 టన్నులు దాటించేది! బజారులో తినే పండుకు అది ఘనత. దాచుకునే వైన్‌కు మాత్రం అంత కాపు పనికిరాదు, తీగ శక్తి అన్ని గుత్తులకూ పంచుకుపోయి పులుపూ వగరూ పలచబడతాయి. వైన్ ఎన్నేళ్లు బతుకుతుందన్నది పీపాలో కంటే ముందు తోటలోనే సగం తేలిపోతుందని నా నమ్మకం.

పండు చూసే పద్ధతి మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. గుత్తిలో కొసన ఉన్న పండు ఆఖరున పండుతుంది. అందుకే కోతకు ముందు దాన్నే కొరికి చూస్తారు. కొస పుల్లగా ఉంటే ఇంకొన్నాళ్లు ఆగాల్సిందే. కోశాక ద్రాక్ష ఇక పండదు. వైన్ రైతు అక్కడితో ఆగకుండా తోలునూ గింజనూ నమిలి చూస్తాడు. గింజ గోధుమ రంగు తిరిగిందా, వగరులో పచ్చితనం పోయిందా అన్నది అతని లెక్క.

మేడ్చల్ రైతులు బూజు తెగులుకు కొట్టిన మైలుతుత్తం, సున్నం మందుకు బోర్డో మిశ్రమమని పేరు. ఫ్రాన్స్‌లోని ఆ బోర్డో నుంచే పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, ఫిలాక్సెరా పురుగు తోటల్ని నాశనం చేసినప్పుడు, వర్తకులు రియోహాకు వైన్ కోసం వచ్చారు. 225 లీటర్ల ఓక్ పీపాల్లో నిలవబెట్టే అలవాటు అక్కడ స్థిరపడింది. రియోహావాళ్లు ఎక్కువగా అమెరికన్ ఓక్‌నే వాడుకున్నారు. వైన్‌లో వనిల్లా, కొబ్బరి వాసన తగిలితే అది పీపా పనే.

సీసా మీద క్రియాన్సా అని ఉంటే కనీసం ఒక ఏడాది ఓక్‌లో ఉన్నట్టు. రెసెర్వాకు మొత్తం మూడేళ్లు, అందులో ఏడాది ఓక్. గ్రాన్ రెసెర్వాకు అయిదేళ్లు, రెండేళ్లు ఓక్‌లో, కనీసం రెండేళ్లు సీసాలో. ఇవన్నీ కాలానికి హామీలు, రుచికి కావు. బలహీనమైన ఏడు పండిన ద్రాక్షను అయిదేళ్లు దాచినా ముసలిదవుతుందే తప్ప గొప్పదవదు. పంట ఏడాది చూడాలి: 2001, 2004, 2010 రియోహాకు అత్యుత్తమ శ్రేణి దక్కిన ఏళ్లు.

గ్లాసును తెల్ల కాగితం మీదికి వంచి అంచు చూడండి. ఊదా రంగుంటే పసిది. మాణిక్యం రంగు దాటి ఇటుక రంగు తిరిగితే వయసు మళ్లింది. వాసనలో తాజా పండు తగ్గి ఎండు పండు, తోలు, పొగాకు, పుట్టగొడుగు వస్తాయి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా చెడినట్టే, ఆ సీసా వెనక్కి ఇచ్చేయవచ్చు. తరవాత నోట్లో తిప్పాలి. పసి వైన్ వగరు పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లను పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వగరు కణాలు ఒకదానికొకటి అతుక్కుని, కొన్ని మడ్డిగా అడుక్కు దిగుతాయి. నాలుకకు నునుపు తగులుతుంది. వగరు తగ్గేనాటికి పండు రుచి, పులుపు ఇంకా నిలబడి ఉన్నాయా అన్నదే అసలు పరీక్ష. మడ్డి ఉన్న సీసాను ఒక రోజు నిలబెట్టి, కదపకుండా తేటను మాత్రం వంచుకోవాలి.

షోకేసులో అలంకారంగా నిలబెట్టిన గ్రాన్ రెసెర్వాలు నేను చాలా ఇళ్లలో చూశాను. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో అది సీసాకు శిక్ష. పన్నెండు, పదిహేను డిగ్రీల మధ్య చీకట్లో, బిరడా ఎండిపోకుండా అడ్డంగా పడుకోబెట్టాలి. ఆ వసతి లేకపోతే దాచడం మానేసి కొన్న ఏడాదే తాగేయడం మేలు.

ఇంకా ఎన్నేళ్లు దాచవచ్చో తేల్చుకోవాలంటే అదే రకం సీసాలు రెండు కొని ఒకటి తెరవాలి. సగం తాగి, బిరడా బిగించి రాత్రంతా ఉంచి, మర్నాడు మళ్లీ రుచి చూడాలి. పండు వాసన నిలిచి, వగరు కాస్త మెత్తబడి ఉంటే రెండో సీసాకు ఇంకా కాలం ఉంది. చప్పబడి పులుపొక్కటే మిగిలితే, దాన్ని ఈ వారమే తెరవండి.