నిరాడంబరమా, లేమా?

నవలల్లో పూరింటి వర్ణన వచ్చినప్పుడల్లా ఒక మాట తగులుతూంటుంది నాకు: ‘ఇల్లు నిరాడంబరంగా ఉంది.’ చదవగానే ఒళ్ళు మండుతుంది. వానొస్తే కారే తాటాకింటికి నిరాడంబరం ఏమిటండీ!

సంస్కృతంలో ఆడంబరం అంటే భేరి, దాని మోత. డాబూ దర్పమూ అన్న అర్థం దాన్నించి వచ్చిందే. అంటే భేరి ఉండీ మోగించనివాడు నిరాడంబరుడన్నమాట. అసలు భేరే లేనివాడి సంగతి వేరు. దానికి అచ్చతెలుగులో ‘లేమి’ అని చక్కటి మాట ఉంది. కలిమిలేములు కావడికుండలని సామెత కూడానూ.

పోతన రాజాశ్రయం వద్దనుకుని పొలం దున్నుకు బతికాడని చెప్పుకుంటాం. భోగాలనుభవించిన శ్రీనాథుడు చివరి రోజుల్లో పంట కృష్ణ పాలై శిస్తు కట్టలేకపోయాడనీ చెప్పుకుంటాం. ఇద్దరూ తాగింది గంజే కావచ్చు. అయినా పోతనది నిరాడంబరం, శ్రీనాథుడిది లేమి. వద్దనగలిగినవాడికే మొదటి మాట చెల్లుతుంది.

మన రచయితలకు లేమి అనడం మొరటుగా తోస్తుంది కాబోలు. మా జంగారెడ్డిగూడెం వైపు పొగాకు కూలికి వెళ్ళే మనిషిని కథలోకి తెస్తే ఆవిడ ముతకచీర కాస్తా సుగుణమైపోతుంది. సుగుణమని మెచ్చుకున్నాక ఆవిడ కూలెంతో అడగాలని ఏ పాఠకుడికి తోస్తుంది? ఆ చీర ఆవిడ కోరి కట్టుకుందా, మరోటి లేక కట్టుకుందా? రాసేవాళ్ళు ముందు అది తేల్చుకుని, తర్వాత మాట వెతుక్కుంటే బాగుంటుంది.