ఎర్రన ఏ లైసెన్స్ కింద రాశాడు?

పోయిన దసరాకి వెలుగోడు వెళ్ళినప్పుడు మా నాయన మూడు నోటుబుక్కులు నా చేతిలో పెట్టాడు. ఆయన రిటైరైన తెలుగు పంతులు. నోటుబుక్కుల నిండా పద్యాలే. "పుస్తకం ఏం వద్దు గానీ, నా పాత పిల్లోల్ల ఫోన్లలోకి పోయేటట్టు చెయ్‌రా" అన్నాడు.

టైపు చెయ్యడం పది రాత్రుల పని. అసలు చిక్కు అరసున్న దగ్గర వచ్చింది. నాకు నచ్చిన ఫాంటులో అక్షరాలన్నీ బాగున్నాయి, అరసున్న మాత్రం ఫోన్ తెర మీద కనబడీ కనబడనట్టుంది. ఇంకో ఫాంటులో అరసున్న నిండుగా ఉంది, మిగతా అక్షరాలు నాకు నచ్చలేదు. రెండూ ఉచితమే, రెండింటినీ మార్చుకోవచ్చు. ఫాంట్‌ఫోర్జ్ తెరిచి ఆ అరసున్నని తెచ్చి ఈ ఫాంటులో పెట్టేశాను. పది నిమిషాలు పట్టింది. అరసున్నతో అవస్థ పడేవాళ్ళు ఇంకా ఉంటారు కదా, ఫాంటుని అందరికీ ఇచ్చేద్దామనుకున్నాను. ఇచ్చేముందు పద్ధతి ప్రకారం రెండు లైసెన్సులూ తెరిచాను.

అక్కడే ఆగిపోయాను. ఒకటి జీపీఎల్, రెండోది ఓపెన్ ఫాంట్ లైసెన్స్ (ఓఎఫ్ఎల్). ఇంట్లో నేనొక్కణ్ణే వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంకొకళ్ళకి ఇవ్వడమే కుదరదు. పంచుకోవడం కోసమే పుట్టిన రెండు పత్రాలు కలిసి నా పంపకాన్ని ఆపేశాయి.

ఉద్యోగంలో లైసెన్సంటే ఒక టూల్ చూపించే రంగు. పచ్చదైతే పో, ఎర్రదైతే ఆగు. వాటిని వాక్యం వాక్యంగా, ఒక రచనని చదివినట్టు చదివింది ఇదే మొదలు. అందుకే ఇది సాంకేతిక వ్యాసం కాదు, ఒక రకంగా పుస్తక సమీక్ష.

ముందు జీపీఎల్. రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన ఈ పత్రం రెండో వెర్షన్ 1991 జూన్‌లో వచ్చింది. దీనికి పీఠిక ఉంది, ఆ పీఠికకి ఒక గొంతు ఉంది. వకీలు రాతల్లో అరుదుగా కనిపించే ఆవేశం అందులో ఉంటుంది. సారాంశం చెప్పాలంటే: తీసుకో, మార్చుకో, అమ్ముకో కూడా. కానీ మార్చినదాన్ని పంచితే, మొత్తాన్నీ ఇవే షరతుల మీద పంచాలి. నీ దగ్గర పుచ్చుకునేవాళ్ళ మీద కొత్త ఆంక్ష ఒక్కటి కూడా పెట్టకూడదు. కాపీలెఫ్ట్ అన్నా, పరస్పర షరతు అన్నా ఇదే. నువ్వు ఎలా పుచ్చుకున్నావో అలాగే ఇవ్వు.

ఏడో సెక్షన్‌లో గొంతు ఇంకా బిగుస్తుంది. ఈ షరతుల్నీ, నీ మీదున్న వేరే బాధ్యతల్నీ ఒకేసారి నిలబెట్టలేకపోతే అసలు పంచనే వద్దు అంటుంది. స్టాల్‌మన్ దీన్ని 'స్వేచ్ఛ లేదా మరణం' క్లాజ్ అంటాడు. చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. నా అరసున్న చచ్చిపోయింది ఇక్కడే.

ఓఎఫ్ఎల్ వేరే గొంతు. ఎస్ఐఎల్ సంస్థ కోసం విక్టర్ గాల్ట్నీ, నికొలా స్పాలింజర్ రాశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.1 వెర్షన్ 2007 ఫిబ్రవరిది. పేజీన్నర ఉంటుందేమో, ఆవేశాలేం లేవు. ఫాంటుని విడిగా అమ్మకూడదు, ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు. మూలకర్త పేరును అట్టిపెట్టుకుని ఉంటే, మార్చిన ఫాంటుకి ఆ పేరు పెట్టకూడదు. ఇంతవరకూ సౌమ్యంగా నడిచి, ఐదో షరతు దగ్గర తలుపు వేసేస్తుంది: మార్చినా మార్చకపోయినా ఈ ఫాంటు పూర్తిగా ఈ లైసెన్స్ కిందే ఉండాలి, ఇంకే లైసెన్స్ కిందా పంచకూడదు.

ఒకళ్ళు 'మొత్తం నా షరతుల మీదే' అంటారు. ఇంకొకళ్ళూ అదే అంటారు. పైగా ఓఎఫ్ఎల్ పెట్టే అమ్మకం షరతు, పేరు షరతు జీపీఎల్ కళ్ళకి కొత్త ఆంక్షలు. ఇద్దరూ ఉదారులే. ఇద్దరి మాటా నిలబెట్టే ఒక్క ఫాంటు మాత్రం నేను చెయ్యలేను.

ఇది నా ఒక్కడి అరసున్న గొడవైతే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు చేసిన పోతన2000, వేమన2000 ఫాంట్లు ఫెడోరా లినక్స్‌లో 'జీపీఎల్ 2 లేదా తర్వాతిది, మినహాయింపులతో' అన్న గుర్తుతో ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో దొరికే పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న ఓఎఫ్ఎల్‌లో ఉన్నాయి. అంటే, హక్కుదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, పోతనలోని ఒక అక్షరం పెద్దనలోకి పోదు. మనకి మంచి ఫాంట్లు ఉన్నవే కాసిన్ని. వాటి మధ్య కూడా ఈ గోడ.

ఇదంతా మా నాయనకి చెరువు కట్ట మీద నడుస్తూ చెప్పాను. "ఇచ్చేటోనికి ఇన్ని షరతులేందిరా?" అన్నాడు మొదట. కాసేపాగి, "అయితే ఎర్రన చేసిందేంది మరి?" అన్నాడు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచే పుట్టింది. కథ మనందరికీ తెలిసిందే. నన్నయ పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన ముక్కని ముట్టుకోలేదు. విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు రాసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన అరణ్యపర్వశేషం పూరించాడు. ఆయన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. అయినా ఆ భాగాన్ని తన రాజుకి ఇవ్వలేదు. ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే, నన్నయ రాస్తున్నట్టుగానే అంకితమిచ్చాడు.

తిక్కన చేసింది జీపీఎల్ భాషలో 'పక్కపక్కన పెట్టడం'. రెండు విడి కృతులు ఒకే సంపుటంలో ఉన్నంత మాత్రాన ఒకదాని షరతు రెండోదానికి అంటదని రెండో సెక్షన్ చివర ఉంటుంది. తిక్కన కొత్త ఫైల్ తెరిచి తన షరతు పెట్టుకున్నాడు. ఎర్రన తెరిచింది నన్నయ ఫైలు. అందుకే నన్నయ షరతునే కొనసాగించాడు. తన సొంత రచనలకి వచ్చేసరికి స్వతంత్రుడే. హరివంశం వేమారెడ్డికి ఇచ్చాడు, నృసింహపురాణం మా ఆళ్ళగడ్డ పక్కన అహోబిలంలో ఉన్న నరసింహస్వామికి ఇచ్చాడు.

పోలికని ఎక్కువ లాగకూడదు. అంకితం లైసెన్స్ కాదు, ఎర్రన మీద ఎవరి ఒత్తిడీ లేదు, తాటాకుల మీద ఎవరైనా ఎత్తిరాసుకోవచ్చు. కానీ ఒక విషయం మాత్రం ఎర్రన దగ్గరే నాకు అర్థమైంది. పరస్పర షరతు అంటే మొదట రాసినవాడి అహంకారం అనుకునేవాణ్ణి. అది తర్వాత వచ్చినవాడి మర్యాద కూడా.

మరి ఒకేసారి ఇద్దరు నన్నయలు ఉంటే? ఒక్క పద్యంలో ఇద్దరి పాదాలూ కలపాల్సి వస్తే? ఆ ఇబ్బంది ఎర్రనకి రాలేదు. మనకి వచ్చింది.

దీనికి చరిత్రలో రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది, హక్కుదారు ఒక్కడే అయితే మనసు మార్చుకోవచ్చు. రెడ్ హ్యాట్ కంపెనీ 2004లో జీపీఎల్ కింద విడుదల చేసిన లోహిత్ ఫాంట్లు 2011లో ఓఎఫ్ఎల్‌కి మారాయి. అందులో లోహిత్ తెలుగు కూడా ఉంది.

రెండోది, రాసినవాళ్ళు వేలమంది అయినప్పుడు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా మిగతా వికీపీడియాల్లాగే జీఎఫ్‌డీఎల్ కింద ఉండేది. బయట చాలామంది క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై-ఎస్‌ఏ వాడుతున్నారు. రెండిటి ఉద్దేశమూ ఒకటే, అయినా ఒకదాంట్లోని పేరా రెండోదాంట్లోకి పోదు. ప్రతి రచయిత దగ్గరికీ వెళ్ళి సంతకం అడగడం అయ్యే పని కాదు. చివరికి లైసెన్స్ రాసినవాళ్ళే కదిలారు. 2008 నవంబర్‌లో వచ్చిన జీఎఫ్‌డీఎల్ 1.3లో వికీల కోసం ఒక తలుపు పెట్టారు, 2009 ఆగస్టు 1 దాకా తెరిచి ఉండే తలుపు. 2009 జూన్‌లో వికీపీడియాలు, మన తెలుగుతో సహా, అందులోంచి ఇవతలికి వచ్చేశాయి. ఇది సాధ్యమైంది 'లేదా తర్వాతి వెర్షన్ ఏదైనా' అన్న చిన్న మాట మొదటినుంచీ ఉండబట్టే. లినక్స్ కెర్నెల్ ఆ మాట పెట్టుకోలేదు, ఇప్పటికీ జీపీఎల్ రెండు దగ్గరే ఉంది.

సీసీ బై-ఎస్‌ఏ 4.0 ఈ పాఠం నేర్చుకుంది. ఏ లైసెన్సులు తనకి సరిపడతాయో ప్రకటించే జాగా తనలోనే పెట్టుకుంది. 2015 అక్టోబర్‌లో జీపీఎల్ మూడుని ఆ జాబితాలో చేర్చారు, ఒకవైపే అయినా. ఈ పత్రాలన్నిటిలో నాకు బాగా నచ్చిన వాక్యాలు ఇలా తమని తాము కొంచెం తగ్గించుకున్నవే.

అసలు ఎంఐటీ లాంటి లైసెన్స్ పెట్టేస్తే ఈ తంటానే లేదు కదా అని మిత్రులు అంటారు. లేదు, నిజమే. కానీ రేపు ఎవరో ఆ అక్షరాలకే నాలుగు మెరుగులు దిద్ది, తాళం వేసి అమ్ముకుంటే అడగడానికీ ఏమీ ఉండదు. నేను షరతు వద్దనడం లేదు. షరతు రాసేవాళ్ళకి పక్కింట్లో ఇంకో ఉదారుడు ఉండొచ్చన్న ఎరుక ఉండాలంటున్నాను. రెండు పత్రాల్లోనూ ఆ ఎరుక ఒకచోట ఉంది. ఓఎఫ్ఎల్ ఐదో షరతు చివరి వాక్యం, ఈ ఫాంటుతో తయారైన పత్రాలకి ఈ నియమం వర్తించదంటుంది. జీపీఎల్ ఫాంట్లకి జోడించే మినహాయింపు కూడా అదే చెబుతుంది: మార్చని ఫాంటుని పత్రంలో పొదిగినంత మాత్రాన ఆ పత్రం జీపీఎల్ కిందికి రాదు. ఆ మినహాయింపు లేకపోతే మా నాయన పద్యాలు కూడా జీపీఎల్ అవుతాయా అన్న వింత ప్రశ్న నిజంగానే లేచేది.

నేను చివరికి చేసింది అదే. అదృష్టం కొద్దీ నా జీపీఎల్ ఫాంటుకి ఆ మినహాయింపు ఉంది. కలిపిన ఫాంటుని పక్కన పెట్టేసి, పీడీఎఫ్‌లో రెండు ఫాంట్లూ విడివిడిగా వాడాను. అక్షరాలు ఒకదానివి, అరసున్నలు రెండోదానివి. అరసున్న అరసున్నకీ ఫాంటు మార్చుకుంటూ పోవాలి. మూడు నోటుబుక్కుల్లో అరసున్నలు ఎన్నో నాకిప్పుడు ఒళ్ళునొప్పుల లెక్కలో తెలుసు. ఫాంటులో కలవనివాళ్ళు పేజీలో కలిశారు. నా తర్వాత అరసున్న కావాల్సినవాళ్ళకి మాత్రం ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. వాళ్ళూ మళ్ళీ మొదటినుంచే చేసుకోవాలి. ఇద్దరు ఫాంటు కర్తలకీ మెయిల్ రాశాను, ఆ ఒక్క అక్షరాన్ని రెండో లైసెన్స్ కింద కూడా ఇస్తారా అని. ఇంకా జవాబు రాలేదు.

పీడీఎఫ్ చూసి మా నాయన అరసున్నలు సరిగ్గా ఉన్నాయన్నాడు. తర్వాత మొదటి పేజీ మళ్ళీ తెరిచి, "అంకితం పేజీ పెట్టలేదేందిరా?" అని అడిగాడు. ఎవరికివ్వాలో చెప్పమన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.