గొంతుకు రాసే నివాళి

పేరున్న మనిషి పోయాడని తెలిసిన గంటలోపే నాలాంటివాళ్లకు ఫోన్ వస్తుంది. "సార్, రేపటి పేజీకి నాలుగు మాటలు రాసిస్తారా?" అని అడుగుతారు. నంద్యాలలో ఉండి కాలమ్ రాసుకునే నాకు ఇది అలవాటైన పని. కథకూ కవితకూ ఇచ్చే గౌరవం నివాళికి ఎవరూ ఇవ్వరు. హడావిడిగా రాసేది, మర్నాటికి పాతబడేది అనుకుంటారు. నాకు మాత్రం పత్రికలో ఇంతకన్నా బాధ్యత గల రాత లేదనిపిస్తుంది. దాన్ని చదివేవాళ్లలో ఆ రోజు నిజంగా కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్ల ముందు అబద్ధం ఆడకూడదు, అతి చేయకూడదు.

నివాళుల్లోకెల్లా కష్టమైనది రేడియోలో మాట్లాడినవాళ్లకు రాసేది. నాయకుడు పోతే ఆయన వేయించిన రోడ్డు ఉంటుంది. నటుడు పోతే సినిమా ఉంటుంది. రచయిత పోతే పుస్తకం ఉంటుంది. రేడియో మనిషి పని చేసిన క్షణానే గాలిలో కలిసిపోతుంది. విన్నవాళ్లలో చాలామంది ఆయన్ను చూసి ఉండరు, బస్సులో పక్కన కూర్చున్నా గుర్తుపట్టరు. అయినా పోయాడంటే ఇంట్లో మనిషి పోయినంతగా కదిలిపోతారు. ముఖం కూడా ఎరగని మనిషి కోసం ఇంత దుఃఖమా అని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. ఆ మాట నేను ఒప్పుకోను.

రేడియో మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో గుర్తు చేసుకుంటే ఆ దుఃఖం ఎక్కడిదో తెలుస్తుంది. అప్పట్లో మనకు దగ్గరి స్టేషన్ కడప. అది 1963లో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచే ఉంది గానీ, అది నల్లమలకు అవతల. మీడియం వేవ్ తరంగాలు పగలు నేలను అంటిపెట్టుకుని నడుస్తాయి, దూరం పోయేకొద్దీ నీరసిస్తాయి. పొద్దు గూకాక పైన వాతావరణంలోని అయాన్ల పొర వాటిని మళ్లీ కిందికి తిప్పి పంపుతుంది. అందుకే రాత్రిళ్లు ఎక్కడెక్కడివో స్టేషన్లు పలికేవి. పగటిపూట విజయవాడ కావాలంటే మాత్రం రేడియోను కిటికీలో పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పాల్సిందే. లోపలున్న యాంటెన్నా కడ్డీ స్టేషన్ దిక్కుకు అడ్డంగా నిలిచినప్పుడు గొంతు తేటపడుతుంది. మా నాయన ఆ పనిలో ఉంటే ఇంట్లో ఎవరం కదిలేవాళ్లం కాదు. గరగరలోంచి మనిషి గొంతు బయటపడగానే చెయ్యి తీసేసి, రెండు అడుగులు వెనక్కి వేసి, అక్కడే నేల మీద కూర్చునేవాడు. అంత ఓపికపట్టి ఇంట్లోకి తెచ్చుకున్న గొంతు పరాయిది ఎట్లా అవుతుంది? న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఒక తరం తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. గొంతుతో చుట్టరికం కలుపుకోవడం మన ఇళ్లకు కొత్త కాదు.

మా నాయన కిటికీలో రేడియో తిప్పింది ఎక్కువగా ఉషశ్రీ కోసం. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. విజయవాడ ఆకాశవాణిలో ఆదివారం మధ్యాహ్నం ధర్మసందేహాలు చెప్పేవారు. శ్రోతలు ఉత్తరాలు రాస్తే వాటికి జవాబులిచ్చేవారు. రామాయణ, భారత, భాగవతాలు చెప్పారు. భద్రాచలంలో సీతారామ కల్యాణం జరుగుతుంటే ప్రత్యక్ష వ్యాఖ్యానం చేసేవారు. ఆ గొంతులో అధికారం ఉండేది, చనువూ ఉండేది. ఊరికే అడగాలని అడిగిన ప్రశ్నకు మందలింపు వినిపించేది. చదువు లేనివాడైనా మనసుపెట్టి అడిగితే, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పినట్టే చెప్పేవారు. 1990 సెప్టెంబరు 7న, 62 ఏళ్లకే పోయారు.

ఆ వార్త మా నాయనకు టీ అంగడి దగ్గర తెలిసింది. ఇంటికొచ్చి ఒక్క మాట అన్నాడు. "నాకు బడి తెలీదు. భారతం ఆయప్ప చెప్తేనే తెలిసింది." అంతే. మళ్లీ మాట్లాడలేదు.

ఇన్నేళ్లలో నేను చదివిన నివాళుల్లో, రాసినవాటిలో కూడా, ఆ రెండు ముక్కలకు సాటి రాగలిగినవి తక్కువ. అందులో పొగడ్త లేదు. పోయిన మనిషి తనకు ఏమిచ్చాడో, అది అందకముందు తాను ఎట్లా ఉన్నాడో ఉంది. నివాళికి కావలసింది అదే. మనం సాధారణంగా రాసేది వేరు. తీరని లోటు, మూగబోయిన స్వరం, శోకసంద్రంలో అభిమానులు. ఇవి ఎవరికైనా సరిపోతాయి, కాబట్టి ఎవరివీ కావు. పేరు తీసి ఇంకో పేరు పెట్టినా వాక్యం చెక్కు చెదరదు. ఏడ్చినవాడి మనసులో మాత్రం ఇంకో పేరుకు చోటు లేదు. అతని దుఃఖానికి ఒక మనిషి ఉన్నాడు, ఒక గొంతు ఉంది, ఒక వేళ ఉంది. వాటిని వదిలేసి రాస్తే ఆ పాఠకుణ్ణి ఒంటరిగా వదిలేసినట్టే.

ఈ సంగతి నాకు రాతలో కంటే రాతి పనిలో ఎక్కువ తెలిసింది. ఆళ్లగడ్డ శిల్పుల గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ చెక్కిన దేవుళ్లు ఎన్నో ఊళ్ల గుళ్లలో ఉన్నారు. దేవుళ్లతో పాటు మనుషుల విగ్రహాలూ అక్కడ చేస్తారు. పోయిన తండ్రిదో, ఊరి పెద్దదో ఫోటో పట్టుకుని జనం వస్తూనే ఉంటారు. రోడ్డు పక్క షెడ్డులో, రాతి దుమ్ము కనుబొమల దాకా పట్టిన ఒక శిల్పి దగ్గర కూర్చున్నాను. గ్రైండర్ ఆపి, ఉలి తీసుకుని పెదవి మూల చిన్నగా తడుతున్నాడు. ఒక దెబ్బ వేస్తాడు, ఊదుతాడు, వెనక్కి వంగి చూస్తాడు, మళ్లీ ఒక దెబ్బ. ఫోటోను బట్టి అంత పోలిక ఎట్లా వస్తుందని అడిగాను.

"ఫోటోతో రాదు సార్," అన్నాడు. "వచ్చినోళ్లంతా మా నాయన గొప్పోడు, శానా మంచోడు అంటారు. గొప్పోడంటే నేను ఉలి యాడ పెట్టాల? నవ్వితే ఏ పక్క బుగ్గ లోపలికి పొయ్యేది, మీతో మాట్లాడేటప్పుడు తల యా పక్కకు వంచేవాడు, అది చెప్పండి అంటా. అప్పుడు ఆలోచన చేస్తారు. ఆలోచన చేస్తా చేస్తా ఏడుస్తారు. ఆ తర్వాత చెప్పిందాన్ని బట్టే నేను చెక్కేది."

నివాళి రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నన్ను నేను అడిగేది ఇప్పుడు అదే: ఉలి ఎక్కడ పెట్టాలి?

రేడియోవాళ్లకు ఇది వృత్తిలోనే అబ్బుతుంది. వినేవాడికి కళ్లు తామే కాబట్టి, కనిపించింది చెప్పక తప్పదు. గాంధీజీ అంతిమయాత్ర నాడు, 1948 జనవరి 31న, ఢిల్లీలో రేడియో వ్యాఖ్యాత మెల్విల్ డి మెల్లో ఒక వ్యానులోంచి దాదాపు ఏడు గంటలు వ్యాఖ్యానం చెప్పాడు. దేశమంతా ఏడుస్తున్న రోజున ఒక మనిషి గొంతు నిలబెట్టుకుని, ఊరేగింపు ఎక్కడికి వచ్చింది, జనం ఏం చేస్తున్నారు అని గంటల తరబడి చెప్పడం ఎంత నిగ్రహమో ఆలోచించండి. వెళ్లలేనివాళ్లు ఆ గొంతు వెంటే నడిచారు. మరణం గురించి మాట్లాడటం ఎట్లాగో మనకు నేర్పినవాళ్లే పోయినప్పుడు, వాళ్లకు అరిగిపోయిన మాటలు అప్పజెప్పడం అన్యాయం.

2024 ఏప్రిల్ 5న శాంతి స్వరూప్ గుండెపోటుతో పోయారు. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. ఆయనది తెర మీది గొంతు, అయినా తీరు రేడియోదే. టెలిప్రాంప్టర్ లేని కాలంలో స్క్రిప్టు బట్టీపట్టి, కళ్లు మన మీదే ఉంచి చదివేవారు. 2011లోనే ఉద్యోగ విరమణ చేశారు. వార్తలు చదవడం మానేసి ఏళ్లు గడిచిన మనిషి కోసం జనం ఎందుకంత చలించారు? నంద్యాలలో రిటైరైన ఒక టీచరమ్మ నాతో అన్నారు: "నోరు తిరగని పరదేశం పేర్లు వస్తే ఆయన తొందరపడేవారు కాదండీ. విడదీసి పలికేవారు. నేను మా పిల్లలకు డిక్టేషన్ చెప్పడం అట్లా నేర్చుకున్నా." ఎన్ని తరగతుల పిల్లలు ఆమె దగ్గర రాసుకుని ఉంటారు! ఆయన గొంతు అట్లా వాళ్ల చేతిరాతల్లోకి వెళ్లింది. ఆయన మీద నేను రాసిన నాలుగు మాటల్లో మొదటిది ఆమెదే.

మాటలు చాలనప్పుడు జనం ఏం చేస్తారో కూడా ఈ నేల నాకు చూపించింది. 2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు వెళుతున్న అక్కడి అభ్యర్థి భూమా శోభా నాగిరెడ్డి కారు, రోడ్డు మీద పోసిన ధాన్యం కుప్పను తప్పించబోయి బోల్తా పడింది. మర్నాడు హైదరాబాద్ ఆసుపత్రిలో ఆమె చనిపోయారు. మే 7న పోలింగ్. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేయాలని చట్టం. ఆమె పార్టీకి అప్పటికి ఆ గుర్తింపు లేదు. కాబట్టి ఎన్నిక ఆగలేదు, ఓటింగ్ యంత్రం మీద ఆమె పేరు ఉండిపోయింది. ఆళ్లగడ్డ ఓటర్లు ఆమె లేరని తెలిసే బారులు తీరారు. మే 16న లెక్కిస్తే దాదాపు 18 వేల మెజారిటీతో ఆమె గెలిచారు. తర్వాత వచ్చిన ఉప ఎన్నికలో కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

ఆ ఓట్లన్నీ దుఃఖమే అని నేను అనను. పార్టీ ఉంటుంది, వర్గం ఉంటుంది, పాత లెక్కలుంటాయి. ఎవరికి వేసి ఉండాల్సింది అన్నది వేరే చర్చ. నన్ను నిలబెట్టేసింది ఒక్కటే. హఠాత్తుగా వచ్చిన చావు ముందు జనం చేతులు కట్టుకుని నిలబడలేదు. తమ చేతిలో ఏముందో చూసుకున్నారు. ఓటు ఉంది. అది ఇచ్చారు. సంతాపం ఫ్లెక్సీ కట్టించడం తేలిక, ఓటు వేయడానికి మాత్రం ఎండలో నిలబడాలి.

మరి గొంతు పోయినప్పుడు విన్నవాళ్ల చేతిలో ఏముంది? చాలానే ఉంది, మనం దాన్ని వాడటం లేదు. రేడియో స్టేషన్లలో ఒకప్పుడు టేపులు చెరిపి మళ్లీ వాడటం మామూలు. కార్యక్రమం ప్రసారమయ్యాక దాచడానికి చోటూ ఉండేది కాదు, డబ్బూ ఉండేది కాదు. అట్లా పోయిన నాటకాలు, ప్రసంగాలు, పల్లె పాటలు, రైతుల కార్యక్రమాలు లెక్కలేనన్ని. ఉషశ్రీ చెప్పిన రామాయణ భారతాలు ఈనాటికీ ఇంటర్నెట్‌లో వినగలుగుతున్నామంటే, వాటిని ఎవరో పట్టి దాచబట్టే. నంద్యాలలో, ఆళ్లగడ్డలో, చుట్టుపక్కల పల్లెల్లో టేప్‌రికార్డర్‌లో రేడియో రికార్డు చేసుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ క్యాసెట్లు అటక మీదో, ఇనప్పెట్టె అడుగునో ఉంటాయి. టేపు మీది అయస్కాంతపు పూత ఏటేటా రాలిపోతుంది. బూజు పడితే ఇంకా తొందరగా పోతుంది. వాటిని దించి, ఆడే యంత్రం ఉన్నవాళ్ల దగ్గరకు తీసుకెళ్లి, ఫోన్‌లోకి ఎక్కించుకుని, ఏ తేదీదో ఎవరి గొంతో రాసి పెట్టడం ఒక పూట పని. పోయినవాళ్లకు శ్రోత ఇవ్వగలిగిన నివాళి ఇంతకంటే గట్టిది నాకు తెలియదు.

ఇంకొకటి, బతికున్నవాళ్ల విషయం. ఆకాశవాణి కర్నూలు ఎఫ్ఎంలో, కడపలో ఈ ఉదయం కూడా ఎవరో మైకు ముందు కూర్చుని మనకు శుభోదయం చెప్పారు. వాళ్లకు ఎదురుగా గోడ తప్ప మనుషులు కనపడరు. నటుడికి చప్పట్లు వినిపిస్తాయి, టీచరుకు పిల్లల ముఖాలు కనిపిస్తాయి. తాము మాట్లాడింది ఎవరికి చేరిందో రేడియోవాళ్లకు తెలియాలంటే వినేవాళ్లు చెప్పాల్సిందే. ఒకప్పుడు స్టేషన్లకు కట్టలు కట్టలుగా కార్డులు వెళ్లేవి. ఇప్పుడు మనం వింటాం, ఊరుకుంటాం. పోయాక స్టేటస్‌లో ఫోటో పెడతాం.

మా నాయన అన్న ఆ మాట ఉషశ్రీకి చేరలేదు. కార్డు మీద రాయించి పంపవచ్చని ఆయనకు తట్టలేదు. పిల్లాణ్ణి కాకపోయినా నాకూ తట్టలేదు. ఒక చదువు లేని రైతుకు భారతం అందించానని తెలిస్తే ఆ గొంతు గల మనిషి ఎంత సంతోషించేవారో కదా అని ఇప్పుడనిపిస్తుంది.

అందుకే ఈ వారం మీరు ఒక పని చేయండి. మీరు రోజూ వినే గొంతు ఒకటి ఎంచుకోండి. వార్తలు చదివే ఆమె కావచ్చు, వానల గురించి చెప్పే వ్యవసాయ కార్యక్రమం ఆయన కావచ్చు. మీరు చాలా బాగా మాట్లాడతారు అని మాత్రం రాయకండి. ఏ రోజు, ఏ మాట, మీకు దేనికి పనికొచ్చిందో రాయండి. రెండు వాక్యాలు చాలు. పైన స్టేషన్ అడ్రసు రాసి పోస్టు డబ్బాలో వేయండి. ఆ మనిషి దాన్ని తన చేత్తో విప్పి, తన కళ్లతో చదువుకోవాలి. మేము తర్వాత రాసే ఏ నివాళికీ ఆ అదృష్టం ఉండదు.