గండికోట ఛాయాచిత్రాలు: కనిపించని పట్టణం

వీరపునాయునిపల్లె ప్రాంతం నుండి ఎర్రగుంట్ల, జమ్మలమడుగుల మీదుగా గండికోటకు వెళ్లే యాత్రికులలో నేడు కెమెరా లేనివాడు కానరాడు. వారు తెచ్చే చిత్రాలను ఒకచోట పరచి చూస్తే మాత్రం దృశ్యాలు మూడే మూడుగా తేలుతాయి. ఎర్రమల కొండలను చీల్చుకొని పారే పెన్న లోయ ఒకటి. జుమా మసీదు రెండు మీనార్ల నడుమ సాయంకాలపు ఆకాశం ఒకటి. మాధవరాయస్వామి ఆలయ గోపురం ఒకటి. వెలుతురు చక్కగానే ఉంటుంది, చిత్రకారుని నేర్పును కాదనలేము. అయితే ఈ చిత్రాలన్నీ చూచిన పిమ్మట కూడా గండికోట ఒకప్పుడు పట్టణమన్న సంగతి చూపరికి తెలియదు. ఈ లోపం చిన్నది కాదు.

హనఫీ ధర్మశాస్త్రం చదివినవారికి జుమా మసీదు అన్న మాట ఒక్కటే చాలు. శుక్రవారపు సామూహిక నమాజు నెలకొనడానికి ఫుఖహాలు విధించిన షరతులలో 'మిస్ర్', అనగా పట్టణం, ముఖ్యమైనది. వీధులు, బజార్లు ఉండి, తగవులు తీర్చే అధికారి ఉన్న చోటును ఇమామ్ అబూ హనీఫా పట్టణంగా నిర్వచించారు. కనుక జుమా మసీదు ఒంటరి కట్టడం కాజాలదు. దానిని నింపడానికి చుట్టూ ఒక జనపదం ఉండి తీరాలి. గండికోటలో దాని ఆనవాళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. మసీదు పక్కనే పెద్ద ధాన్యాగారం, సమీపంలో కోనేరు, కొంచెం ఎడంగా చెరసాల, పావురాల గోపురం. తిండి, నీరు, శిక్ష, ప్రార్థన అన్నీ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. ఛాయాగ్రాహకుడు వీటిని విడదీసి, అందమైన దానిని తీసుకొని తక్కినవాటిని చట్రం వెలుపల వదిలివేస్తాడు. ధాన్యాగారం కప్పు మీద నిలబడి మసీదును తీసే చిత్రంలో ధాన్యాగారమే కనిపించకపోవడం వింతగా లేదా?

ఈ శూన్యతకు మతపరమైన సమర్థన చూపేవారూ ఉండవచ్చు. బొమ్మల విషయమై విద్వాంసుల నడుమ జరిగిన వాదమంతా ప్రాణుల రూపాలకు సంబంధించినది. చెట్లు, కట్టడాల చిత్రణను కఠినులు కూడా సాధారణంగా ఆక్షేపించలేదు. ఛాయాచిత్రం వచ్చిన తరువాత ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ ఒక గ్రంథం వ్రాసి, ఇది సృష్టిని అనుకరించడం కాదని, నీడను పట్టి నిలపడం మాత్రమేనని వాదించారు. ఆ వాదంతో ఏకీభవించినా, విభేదించినా ఒకటి ఒప్పుకోవాలి. గండికోట చిత్రాలలో మనుషులు లేకపోవడానికి కారణం భక్తి కాదు, అభిరుచి. కోట లోపల నేటికీ ఒక చిన్న ఊరు ఉంది. ఆ ఊరి మేకలు, మనుషులు, గుమ్మాలు 'దృశ్యాన్ని పాడు చేస్తాయి' కాబట్టి తొలగింపబడుతున్నాయి.

పాడుబడిన చోట నిలబడి చూడటం ముస్లిం సాహిత్యానికి కొత్త విషయం కాదు. ఇస్లాంకు పూర్వపు అరబీ ఖసీదాలు ఎన్నో విడిచిపోయిన గుడారాల జాడల వద్దనే మొదలవుతాయి. అయితే ఆ కవులు ఉత్త ఇసుకను వర్ణించి ఊరుకోలేదు. అక్కడ ఎవరు ఉండేవారో పేరు పెట్టి పిలిచారు. భూమిలో సంచరించి పూర్వుల పర్యవసానాన్ని చూడుడని దివ్యఖుర్ఆన్ పలుమార్లు ఆదేశించింది. ఆ చూపుకు 'ఇబ్రత్' అని పేరు. ఆ పదపు ధాతువుకు దాటుట అని అర్థం. కనిపించే దాని నుండి కనిపించని దానికి దాటాలన్నమాట. మీనార్ల మీది ఎర్రని ఆకాశం వద్దే ఆగిపోయిన చూపు ఏమి దాటినట్లు?

గండికోటలో దాటవలసినది కష్టమైన చరిత్ర. విజయనగర కాలం నుండి పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా జయించాడు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, మీర్ జుమ్లా ఫిరంగులు పోయించే సన్నాహాన్ని వర్ణిస్తూ, అందుకు దేవాలయాల విగ్రహాల లోహం వాడినట్లు వ్రాశాడు. ముస్లిం పాఠకుడు ఈ పుటను తిప్పివేయరాదు. గోపురాన్నీ మీనారునూ ఒకే చట్రంలో ఇమిడ్చి సామరస్యమని పేరుపెట్టే చిత్రం మంచి మనసుతో తీసినదే కావచ్చు. అయినా ఆ పేరు అంత సులభంగా దక్కేది కాదు. జరిగినదాన్ని చెప్పి, ఆ తరువాత కూడా ఇరువర్గాల వారు ఒకే కోనేటి నీటి మీద బ్రతికిన కాలాన్ని చూపగలిగితే దానికి బరువు వస్తుంది.

పొరుగు ఉదాహరణ ఒకటి చూడవచ్చు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్ హైదరాబాదు నగరాన్ని విస్తారంగా చిత్రించాడు. నిజాము ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అన్నది అల్లాహ్ శుభనామాలలో ఒకటి కావడం వేరే చర్చ. ఆయన చిత్రాలు దర్బారు కోసం తీసినవే, వాటిలో పేదల గల్లీలు వెదికితే నిరాశే. అయినా ఆయన మరణించిన మూడేండ్లకు, 1908 సెప్టెంబరులో, మూసీ వరద వచ్చింది. పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పాత వీధులను మార్చింది. మారకముందటి నగరానికి ఆ దర్బారీ చిత్రాలే సాక్షులయ్యాయి. అదే విధంగా ఈజిప్టు సైనికాధికారి ముహమ్మద్ సాదిక్ బే 1861లో మదీనాను, తరువాత 1880ల నాటికి మక్కాను కెమెరాతో తీశాడు. మక్కాలోని అజ్యాద్ కోటను 2002లో పడగొట్టారు. అటువంటి చోట్ల పాత చిత్రాల విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చిత్రం ఏ ఉద్దేశంతో తీసినా, ఎప్పుడు, ఎక్కడ, ఏ వైపు నిలబడి తీశారో తెలిస్తే అది సాక్ష్యమవుతుంది. తెలియకపోతే గోడ మీది అలంకారమే. షహాదత్ చెప్పేవాడు తన పేరు దాచుకుంటే ఏ ఖాజీ స్వీకరిస్తాడు?

ఈ పనికి నమూనా కోసం మక్కా వరకు పోనక్కర కూడా లేదు. దత్తమండలాలు 1800లో కంపెనీ చేతికి వచ్చిన తరువాత కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియతులు వ్రాయించారు. వాటిలో గండికోటది ఉంది. పాలకుల వరుసలు, గుళ్లు, చెరువులు, ఇనాములు, విన్న కథలు, నమ్మదగినవీ నమ్మరానివీ అన్నీ గుమాస్తా చేతివ్రాతలో చేరాయి. ఆ కైఫియతు వెంట ఛాయాచిత్రం ఉంటే ఎంత బాగుండేదో, నేటి ఛాయాచిత్రం వెంట కైఫియతు లేకపోవడం అంత కొరతగా ఉంది.

కొరత పాత కోటకు మాత్రమే పరిమితమైతే సహించవచ్చు. కోటకు ఎగువన పెన్నపై కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం దాదాపు 27 టి.ఎం.సి.లు. సీమకు నీరు కావలసిందే. ఇందులో వివాదం లేదు. ఆ నీటి కిందికి పోయిన ఊళ్లలో కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు ఒకటి. 2020లో అక్కడివారు ఇండ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అదే కాలంలో దిగువన లోయ అంచున నిలబడి సూర్యాస్తమయాన్ని తీసినవారికి లెక్క లేదు. ఎన్నడో పాడైన పట్టణానికి వేల చిత్రాలు, కళ్లెదుటే ఖాళీ అయిన ఊరికి కొద్దిపాటి వార్తాచిత్రాలు. ఆ వీధులు ఇంకెక్కడైనా మిగిలి ఉంటే అవి పెళ్లి ఆల్బములలోనే, వధూవరుల వెనుక గోడలుగా మిగిలి ఉండాలి. ఆ ఆల్బములను అడిగి తెచ్చి, వెనుక కనిపించే గోడ ఏ వీధిదో, ఆ గుమ్మం ఎవరిదో, మసీదుకు గాని గుడికి గాని ఎంత దూరమో చిత్రం వెనుకనే వ్రాయించి ఉంచాలి. చెప్పగలవారు నేడు పునరావాస కాలనీలలో ఉన్నారు, వారిలో పెద్దలు ముసలివారు.