గాలి వీపున, పట్టాలు దూరాన

నవరాత్రులు మొదలయ్యాయంటే మా భిలాయి పవర్ హౌస్ పేటలో టీ కొట్ల దగ్గర ఒకటే చర్చ. ఏ మైదానంలో రావణుడు ఎంత ఎత్తు, ఎవరి బాణసంచా ఎంతసేపు, ఈసారి మేఘనాదుడికి మీసాలు ఎవరు పెట్టారు. అన్నీ అయ్యాక అసలు ప్రశ్న వస్తుంది: ఎక్కణ్నుంచి చూడాలి? ‘పెందరాళే వెళ్లి తాడు దగ్గర నిలబడితే సరి’ అంటారు చాలామంది. నాకు పేచీ అక్కడే. టపాసుల దగ్గరికి పోవడం వేరు, వాటిని చూడటం వేరు. చూడటానికి కాస్త దూరం కావాలి, కాస్త లెక్క కావాలి, ఇరుగుపొరుగుతో మంచి మాట కూడా కావాలి.

ఈ విద్య నేర్చుకోవడానికి భిలాయి కంటే మంచి ఊరు లేదు. 1955లో ఉక్కు కర్మాగారం కోసం రష్యావాళ్లతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగాక దేశం నలుమూలల నుంచీ జనం ఇక్కడికి వచ్చి పడ్డారు. ఎవరి పండగ వాళ్లు వెంట తెచ్చుకున్నారు. అందుకే మాకు బాణసంచా ఒక్క రాత్రితో అయిపోదు. దసరాకి రావణ దహనం. దీపావళి అమావాస్యకి అందరి లక్ష్మీపూజా, బెంగాలీల కాళీపూజా. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లు సాయంత్రం ముందు దివిటీలు కొట్టించి, పిల్లల కాళ్లు కడిగి, నోట్లో తీపి పెట్టాకే టపాసుల సంచీ విప్పుతారు. గోగు కాడలు దొరక్కపోతే చేతికందిన కర్రకే నూనెగుడ్డ కడతారు. ఆ సంచీలో కొన్ని నాగుల చవితికి దాచడం మామూలే. ఆ వెంటనే ఛఠ్. తెల్లవారుజామున చెరువు గట్ల మీద బిహారీ కుటుంబాల సందడి. చూసేవాడికి ఓపిక ఉండాలేగానీ ఆకాశానికి సెలవు లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. మొదటిది గాలి. వర్షాలు వెనక్కి తగ్గాక ఛత్తీస్‌గఢ్ మైదానంలో గాలి ఎక్కువగా ఉత్తరం నుంచో, ఈశాన్యం నుంచో వీస్తుంది. అదీ మెల్లగా. పొగ దానితోపాటు దక్షిణానికి, నైరుతికి జారుతుంది. కాబట్టి టపాసులు పేలే చోటుకి ఉత్తరాన నిలబడ్డవాడికి బొమ్మ కనిపిస్తుంది, దక్షిణాన నిలబడ్డవాడికి దగ్గొస్తుంది. ఏ మైదానానికి వెళ్లినా నేను ముందు చూసేది స్టేజీని కాదు, జెండాని. జెండా లేకపోతే అగరుబత్తి పొగైనా చాలు. గాలి వీపుకి తగిలేలా నిలబడితే సగం పని అయిపోయినట్టే.

ఈ లెక్కన పవర్ హౌస్‌కి ఒక అదృష్టం ఉంది. హౌరా–ముంబై రైలు మార్గం మా ఊరిని రెండుగా కోస్తుంది. పట్టాలకి ఉత్తరాన మా బజారు, క్యాంపులనే బస్తీలు. దక్షిణాన టౌన్‌షిప్ సెక్టార్లు, ప్లాంటు. మా డాబాల మీంచి సెక్టార్ల వైపు చూస్తే గాలి దానంతటదే వీపున ఉంటుంది. అదే క్యాంపుల వైపు తిరిగితే ఆ పొగంతా మన ముఖానికే. దీపావళి రాత్రి ఒకే డాబా మీద ఒక పిట్టగోడ దగ్గర పిల్లలు చప్పట్లు కొడుతుంటే, ఎదుటి పిట్టగోడ దగ్గర పెద్దాయన కళ్లు నులుముకుంటూ కనిపించడం అందుకే.

అయితే దక్షిణాన మాకు ఇంకో పోటీ ఉంది. ప్లాంటు. కరిగిన ఇనుము దిగినప్పుడూ, వాయువులు మండినప్పుడూ మేఘాల అడుగున నారింజ రంగు పరుచుకుంటుంది. 2018లో ‘మహామాయ’ అని పిలుచుకునే 8వ నంబరు ఫర్నేసు కూడా వెలిగింది. మా ఆకాశానికి అసలు చీకటి ఎప్పుడూ తెలియదు. బయటి ఊరి చుట్టాలు ఆ ఎరుపు చూసి ‘ఎక్కడో అంటుకుంది’ అని కంగారు పడతారు. మేం పక్కకి తిరిగి పడుకుంటాం. టపాసుల రంగుకి మాత్రం ఆ ఎరుపు గిట్టదు. స్ట్రాన్షియం ఎరుపు, రాగి నీలం లాంటివి నల్లటి వెనకతెర ఉంటేనే పండుతాయి. నీలం మరీ సున్నితం. ఏ కాస్త వెలుతురు కలిసినా బూడిద రంగుకి పోతుంది. అందుకని పవర్ హౌస్ డాబా ఎక్కినవాళ్లకి నేను చెప్పేది ఒకటే: సూటిగా దక్షిణానికి కాకుండా నైరుతికి, రిసాలి వైపుకి తిరగండి. గాలి ఇంకా వీపు వైపే ఉంటుంది, ప్లాంటు వెలుగు ఎడమ పక్కకి తప్పుకుంటుంది. విశాఖవాళ్లకి ఈ తంటా లేదు. బీచ్ రోడ్డులో నిలబడితే ఎదురుగా చీకటి సముద్రమే. మేం ఆ చీకటిని వెతుక్కోవాలి.

రెండోది దూరం. నిప్పుపువ్వు నూరు మీటర్ల ఎత్తున విచ్చుకుంటుందనుకోండి. రెండు వందల నుంచి మూడు వందల మీటర్ల దూరంలో ఉన్నవాడు మెడ పెద్దగా ఎత్తకుండా, జువ్వ లేచిన దగ్గర్నుంచి నిప్పురవ్వ ఆరిపోయేదాకా మొత్తం చూస్తాడు. తాడు దగ్గరివాడికి పగిలిన శబ్దమూ, మెడనొప్పీ, నెత్తిన బూడిదా మిగులుతాయి. అలాగని మరీ దూరం పోయినా దండగే. ఐదు కిలోమీటర్ల అవతల పేలిన షాట్ చెయ్యి చాచి చూస్తే బొటనవేలి గోరు వెడల్పులో సగమైనా ఉండదు. వెలుగు కనిపించాక చప్పుడు వినపడటానికి పదిహేను సెకన్లు పడుతుంది. పిల్లలకి ఆ ఆట నేర్పండి. మెరుపు కనపడగానే సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వచ్చేస్తుంది. లెక్కలంటే పారిపోయే పిల్లలు కూడా ఆ రాత్రి ఎక్కాలు వల్లిస్తారు.

మూడోది వేళ. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దీపావళి టపాసులకి రాత్రి ఎనిమిది నుంచి పది దాకా సమయం కేటాయించింది. ఆకుపచ్చ రంగునిచ్చే బేరియం లవణాలు వద్దంది. మా రాష్ట్రంలోనూ ఆ రెండు గంటల నియమమే ప్రకటిస్తూ వచ్చారు. ఎంతమంది పాటిస్తారన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు. చూసేవాడికి మాత్రం అందులో ఒక పాఠం ఉంది. చలి దిగే రోజుల్లో రాత్రి గడిచేకొద్దీ గాలి పడిపోతుంది, నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేదు. తొమ్మిదిన్నర దాటాక ఎంత ఖరీదైన షాట్ అయినా మసక వెనకాల మిణుకుమంటుంది. మొదటి అరగంటే ఆకాశం శుభ్రంగా ఉండేది. భోజనాలు తర్వాత చేయండి.

ఇక డాబాలు. టౌన్‌షిప్‌లో ఆరు దశాబ్దాల కిందట నాటిన చెట్లు క్వార్టర్ల కంటే ఎత్తు పెరిగాయి. వేసవిలో అవి దేవుళ్లు, దీపావళికి అడ్డుగోడలు. సెక్టార్లవాళ్లు అందుకే మైదానాలకి పోతారు. పవర్ హౌస్‌లో చెట్లు తక్కువ, మేడలు ఎక్కువ. కానీ మంచి మేడ సాధారణంగా మనది కాదు, ఎదురింటివాళ్లది. ఆ రాత్రి మెట్లెక్కనివ్వాలంటే ఏడాది పొడవునా పలకరింపు ఉండాలి. ‘ఆంటీజీ, కాసేపు ఛత్ మీదకి వస్తాం’ అని సాయంత్రమే అడగాలి. చేతిలో అరిసెలో, బూందీ లడ్డూలో పట్టుకెళ్లాలి. చెప్పులు కిందే వదలాలి. ఆరేసిన వడియాలు తొక్కకూడదు. మన టపాసులు వాళ్ల డాబా మీద కాల్చకూడదు. నీళ్ల ట్యాంకు మీదకి పిల్లల్ని ఎక్కించకూడదు. ఈ మర్యాద తెలిసినవాడికి ఏ వీధిలోనైనా చోటు దొరుకుతుంది.

దసరా సంగతి వేరు. అది మైదానంలోనే చూడాలి. రిసాలి అయినా, శాంతినగర్ అయినా, పక్కవీధి చిన్న రావణుడైనా పగటి వెలుతురులో ఓసారి వెళ్లి రండి. షాట్ గొట్టాలు ఎటు పాతారు, వెదురు బద్దల బొమ్మకి తాళ్లు ఎటు కట్టారు, అంబులెన్స్ ఎటు నిలబడుతుంది, చూసుకోండి. బొమ్మ ఏ వైపు కూలుతుందో తాళ్లే చెబుతాయి. అన్నిటికంటే ముందు బయటికి పోయే దారి చూడండి. నా మటుకు నాకు మంచి చోటుకి మొదటి పరీక్ష అదే. రావణుడి తల రాలిన మరుక్షణం వేలమంది ఒకే సందులోకి తిరుగుతారు. చంటిబిడ్డతో, ముసలి తల్లితో వెళ్లినవాళ్లు ఆ సందుకి దగ్గరగా, గుంపు వెనక వరసలో ఉంటే కాస్త తక్కువ కనిపిస్తుందేమో, క్షేమంగా ఇంటికి చేరతారు.

పైకి చూసే హడావుడిలో కింద చూడటం మర్చిపోతాం. చిచ్చుబుడ్డికీ కాకరపువ్వొత్తికీ మంచి చోటు ఇంటి గడపే. మా వీధిలో ప్లాంటు నుంచి రిటైరైన ఒక బాబాయ్ ఉన్నారు. దీపావళికి కుర్చీ వేసుకుని పిల్లల చిచ్చుబుడ్లకి పరీక్షాధికారిలా కూర్చుంటారు. “నిప్పురవ్వ చివర చూడరా. చీలి పువ్వు పూస్తోంది కదా, కార్బన్ ఉన్నాదన్నమాట” అంటారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బంగారు రంగు రవ్వలు మండుతున్న ఇనుప రజను. అందులో కార్బన్ ఉంటే అది మండి వాయువై రవ్వని లోపల్నుంచి పగలగొడుతుంది. ఉక్కు పనివాళ్లు గ్రైండింగ్ చక్రానికి ముక్క ఆనించి, రవ్వల తీరు చూసి రకం చెప్పేది ఇదే పద్ధతిలో. మెత్తటి ఉక్కైతే పొడవాటి గీతలు, కార్బన్ ఎక్కువైతే పొదలా చీలికలు. చేతులు చాచినంత దూరంలో, ఒక బుడ్డి ఆరేదాకా ఈ ఒక్కటీ చూడండి. ఆకాశంలో షాట్లు కాసేపు ఆగుతాయి.

చివరగా, చెప్పడానికి ఇష్టం లేకపోయినా చెప్పాల్సింది. 2018 అక్టోబర్ 19న, దసరా రాత్రి, అమృత్‌సర్ జోడా ఫాటక్ దగ్గర జనం రైలు పట్టాల మీద నిలబడి రావణ దహనం చూస్తున్నారు. పట్టాల కట్ట కాస్త ఎత్తుగా ఉంటుంది, ఎదురుగా అడ్డు ఉండదు. చూడటానికి అంతకంటే మంచి చోటు లేదనిపించి ఉంటుంది. టపాసుల మోతలో రైలు వస్తున్న చప్పుడు వినపడలేదు. సుమారు అరవై మంది చనిపోయారు.

పవర్ హౌస్‌లో పట్టాల కట్ట అంతే ఎత్తు, అంతే దగ్గర. పండగ రాత్రుల్లో కుర్రాళ్ల కళ్లు అటే పోతాయి. ఫ్లైఓవర్ మీద బండి ఆపి నిలబడేవాళ్లదీ అదే తీరు. 260 మీటర్ల పొడుగు రైలు పట్టాలు తయారుచేసి దేశానికి పంపే ఊరు మనది. వాటి మీద ఏ వేగంతో ఏం వస్తుందో మనకి ఒకరు చెప్పాలా? ఈ దసరాకి మీ ఇంట్లో కుర్రాళ్లు చూడటానికి ఎక్కడికి వెళ్తున్నారో ముందే అడగండి. పట్టాల వైపు అంటే ఆపండి, మీ డాబా మీదకి పిలవండి. మీకు డాబా లేకపోతే ఎదురింటివాళ్లని అడగండి. కాదనరు.