వరసను పైకి చదవండి

రిలేషనల్ డేటాబేస్‌లో ఆ 'రిలేషన్' అంటే ఏమిటని అడిగితే, ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నవాళ్లు కూడా చాలామంది "టేబుళ్ల మధ్య సంబంధం" అంటారు. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. అమీర్‌పేటలో ఒరాకిల్ కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో మా సారు బోర్డు మీద రెండు డబ్బాలు గీసి, మధ్యలో ఒక గీత లాగి, "ఈ రెండింటికీ చుట్టరికం ఉంది, అందుకే రిలేషనల్" అన్నారు. రాసుకున్నాం. మన భాషలో ఆ మాట చక్కగా అతికింది కూడా. టేబుల్‌లో అడ్డంగా ఉండేదీ వరసే, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పేదీ వరసే. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

అసలు సంగతి వేరు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో ఈ ఆలోచనను అచ్చులో పెట్టినప్పుడు, రిలేషన్ అన్న మాటను గణితం నుంచి తెచ్చుకున్నాడు. అది రెండు టేబుళ్ల మధ్య ఉండేది కాదు. టేబులే రిలేషన్. డేటాబేస్ మొత్తంలో ఒక్కటే టేబుల్ ఉన్నా అది రిలేషనలే. ఒక వరసలో పక్కపక్కన కూర్చున్న విలువలకు ఒకదానితో ఒకదానికి ఉన్న సంబంధం గురించే ఆయన మాట్లాడింది.

దీన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. టేబుల్ తలకట్టు అంటే ఖాళీలున్న ఒక వాక్యం: "ఫలానా నంబరు విద్యార్థి పేరు ఫలానా, పుట్టిన తేదీ ఫలానా." ఒక్కో వరస ఆ ఖాళీలను నింపి, ఇది నిజం అని చెబుతుంది. పుస్తకాల్లో ట్యూపుల్ అనేది ఈ వరసనే. ఏ ఖాళీలో ఏది పడుతుందో నిర్ణయించేది డొమైన్; తేదీ ఖాళీలో ఫిబ్రవరి 30 పట్టదు. వరసల్లో ముందూ వెనకా లేవు. ఒకే నిజాన్ని రెండుసార్లు చెబితే రెండు నిజాలు కావు కాబట్టి, అచ్చంగా ఒకేలాంటి వరసలు రెండు ఉండకూడదు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ ఈ చివరి నియమాన్ని సడలించింది. నాకు ఇప్పటికీ అది నచ్చదు.

కాడ్‌కు ముందు డేటా అంటే దారి. అపోలో యాత్రల కోసం పుట్టిన ఐబీఎం డేటాబేస్ ఐఎంఎస్‌లో సమాచారం చెట్టు కొమ్మల్లా ఉండేది. ఏ కొమ్మ మీదుగా ఎటు దిగాలో ప్రోగ్రాము రాసేవాడికి తెలియాలి. కాడ్ తన ఆలోచన చెప్పాక కూడా, 1973లో కంప్యూటర్ రంగపు ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ చార్లెస్ బాక్‌మన్ ప్రోగ్రామర్‌ని దారి చూసుకుంటూ సాగే నావికుడితో పోల్చాడు. ఊళ్లో ఇల్లు అడిగితే "రావిచెట్టు దాటి ఎడమకు తిరుగు" అని చెప్పినట్టన్నమాట. చెట్టు కొట్టేస్తే ఇల్లు దొరకదు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి, యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి విమానాలు నడిపిన కాడ్, దారి తెలియాల్సిన పని వాడుకునేవాళ్లకు ఉండకూడదన్నాడు. ఏం కావాలో చెప్పండి, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుంది అన్నాడు. చేతిలో ఐఎంఎస్ వ్యాపారం ఉన్న ఐబీఎం తొందరపడలేదు. కాడ్ ఆలోచనతో కట్టిన ఒరాకిల్ 1979లోనే అమ్మకానికి వచ్చేసింది. కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు 1981లో వచ్చింది.

ఇవన్నీ నేను చదువుకున్నవి. కీ అంటే ఏమిటో మాత్రం ఒక పిల్ల వల్ల తెలిసింది.

మొదటి ఉద్యోగంలో ఒక ప్రైవేటు స్కూలుకు ఫీజుల సాఫ్ట్‌వేర్ రాశాం. పాత రిజిస్టర్లలో అడ్మిషన్ నంబర్లు గందరగోళంగా ఉన్నాయి. పిల్లల పేర్లను నమ్మలేం. ఒకే లక్ష్మిని ఇంగ్లీషులో ఒకచోట కేఎస్‌హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాశారు. అందుకని ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఈ మూడూ కలిపి ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరసను గుర్తుపట్టే ఆనవాలు, చేశాను. చాలా తెలివైన పని చేశాననే అనుకున్నాను.

ఆ జూన్‌లో ఆరో తరగతిలో కవల అక్కచెల్లెళ్లు చేరారు. అక్క వివరాలు ఎక్కాయి. చెల్లెలి వివరాలను కంప్యూటర్ తీసుకోలేదు, ఈ కీ ముందే ఉందంది. కౌంటర్ ముందు క్యూ పెరిగిపోతోంది. గుమాస్తా చెల్లెలి పుట్టిన తేదీని ఒకరోజు ముందుకు జరిపి కొట్టాడు. తీసుకుంది. నాలుగేళ్లు ఎవరూ చూడలేదు. పదో తరగతి పరీక్షలకు పంపే నామినల్ రోల్ అచ్చయినప్పుడు, వాళ్ల నాన్న జనన ధ్రువపత్రం పట్టుకుని వచ్చాడు. పదో తరగతి మెమో మీద పడిన తేదీ మనిషిని జీవితాంతం వెంటాడుతుందని మన ఊళ్లలో తెలియనివాళ్లుండరు. జాబితా ఇంకా బోర్డుకు పోలేదు కనుక దిద్దగలిగాం.

గుమాస్తాను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కీ అంటే తాళంచెవి కాదు, ఒక ప్రమాణం: ఈ మూడు విషయాలూ కలిసిన విద్యార్థులు ఇద్దరు ఎన్నటికీ ఉండరని నేను రాసిచ్చాను. అది అబద్ధం. యంత్రం నా అబద్ధాన్ని నమ్మకంగా కాపలా కాసింది, దాన్ని దాటడానికి అవతలివాడు ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చింది. తర్వాత కూర్చుని రిజిస్టర్లన్నీ సరిచేసి, అడ్మిషన్ నంబరునే కీ చేశాం. ఫీజుల టేబుల్‌లో ఆ నంబరు ఫారిన్ కీ అయింది, అంటే స్కూల్లో లేని పిల్ల పేరిట ఫీజు వరస రాయడం కుదరదు.

అదే స్కూల్లో ఇంకోటి జరిగింది. వానల్లో ఒకరోజు 3వ నంబరు బస్సు ఆగిపోయింది. మిగతావాళ్లకు పరీక్ష ఉంది, మెసేజ్ పంపమన్నారు. బస్సు నంబరు 3 కానివాళ్లందరినీ ఇమ్మని క్వెరీ రాశాను. పక్క వీధుల నుంచి నడిచొచ్చే పిల్లలు ఒక్కరూ ఆ జాబితాలో లేరు. వాళ్ల బస్సు నంబరు నల్, అంటే ఖాళీ. నల్ 3కి సమానం కాదా అని అడిగితే డేటాబేస్ అవుననదు, కాదనదు, తెలియదంటుంది. 'అవును' అన్న వరసలే జాబితాలోకి వస్తాయి. ఒక పిల్ల బస్సు నంబరు ఎంతో మనకు తెలియదు అనడం వేరు, ఆ పిల్ల బస్సే ఎక్కదు అనడం వేరు. ఈ రెంటికీ వేర్వేరు గుర్తులుండాలని కాడ్ తర్వాతి రోజుల్లో పట్టుబట్టాడు. ఎస్‌క్యూఎల్ వినలేదు, ఒక్క నల్‌తోనే సరిపెట్టింది. నా మటుకు నేను బస్సెక్కేవాళ్ల సంగతిని వేరే టేబుల్‌లోకి మారుస్తాను. నడిచొచ్చే పిల్లకు అందులో వరసే ఉండదు. లేని విషయం గురించి వాక్యం ఎందుకు?

ఇలా టేబుళ్లను సరిగ్గా విడదీసే పనినే నార్మలైజేషన్ అంటారు. దాన్ని మొదటి ఫామ్, రెండో ఫామ్, మూడో ఫామ్ అని ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టిస్తారు. నేను కొత్తవాళ్లకు అలా చెప్పను. వరసను పైకి చదవమంటాను.

మొన్న మా టీములో చేరిన అమ్మాయి ఒక మందుల షాపు బిల్లుల కోసం టేబుల్ గీసుకొచ్చింది. బిల్లు నంబరు, తేదీ, కొన్నవారి పేరు, ఫోను, మందు 1, మందు 2, మందు 3.

"ఒక వరస చదువమ్మా" అన్నాను.

"ఈ బిల్లు ఫలానా తేదీది. కొన్నావిడ పేరు ఇది, ఆవిడ ఫోను ఇది. మొదటి మందు ఇది, రెండోది ఇది, మూడోది..." అక్కడ ఆగింది. "నాలుగో మందు కొంటే, సర్?"

నేనేమీ అనలేదు. కాసేపు స్క్రీన్ వంక చూసింది.

"ఆవిడ ఫోను మారితే పాత బిల్లులన్నీ దిద్దాలి కదా" అని తనలో తాను అనుకుంటూ కాగితం వెనక్కి తిప్పి, మూడు డబ్బాలు గీయడం మొదలుపెట్టింది.